నాలుగు వరుసల నాటు

మా బడిలో బయటి చదువు మొదలవడానికి గొప్ప ఆలోచనేమీ కారణం కాదు. ఉన్నవి రెండు గదులు. ఒకటి వానకు కురుస్తుంది. ఇంకొక దానిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు, విరిగిన బెంచీలు, ఎవరూ తెరవని ఇనుప బీరువా. మిగిలింది వరండా. పద్నాలుగు మంది పిల్లలు, ఐదు తరగతులు, టీచర్ని నేనొక్కదాన్నే. అంత చిన్న వరండాలో ఐదు తరగతులకూ ఒకేసారి పాఠం చెప్పడమంటే ఐదు పొయ్యిల మీద ఒకే గరిటెతో వండడమే. అందుకని వాన లేని రోజుల్లో సగం మందిని చెట్ల కిందికి తోలేదాన్ని. ఆ తర్వాత ఒక శిక్షణలో ఎవరో పెద్దమనిషి తెర మీద బొమ్మలు వేసి, ప్రకృతి ఒడిలో విద్య అని గంటసేపు చెప్పాడు. నేను చేస్తున్నది అదేనని అప్పుడు తెలిసింది. సంతోషమే వేసింది, అబద్ధమెందుకు.

సుల్తానాబాద్‌కు ఏడు కిలోమీటర్లు ఆ ఊరు. నేను పెద్దపల్లి నుంచి స్కూటీ మీద వచ్చేదాన్ని. బడి వెనక కాలువ, కాలువ దాటితే వరి పొలాలు. బడి ఆవరణలో వేప, రేగు, రెండు కానుగలు, ప్రహరీ పొడుగునా తంగేడు. మాకు అంతకంటే ఎక్కువ సామాను లేదు. ఒకటో తరగతి వాళ్లు చింతగింజలతో లెక్కలు చేసేవారు. రెండో తరగతి వాళ్లు జాజు కలుపుకొని వరండా బండల మీద అక్షరాలు దిద్దేవారు. గడపకు పెట్టే ఎర్ర జాజే, ఎవరింట్లోనైనా కాస్త ఉంటుంది. పెద్ద పిల్లలు పాత శుభలేఖల అట్టలు కత్తిరించి, ఒక పక్క ఆకు బొమ్మ గీసి, కింద దాని పేరు రాసి చెట్లకు కట్టేవారు. గాలివాన వచ్చినప్పుడల్లా అట్టలు ఎగిరిపోయేవి. మళ్లీ రాసేవాళ్లం. ఎగిరిపోవడం వల్లనే వాళ్లకు రాత వచ్చిందని ఇప్పటికీ నా నమ్మకం.

ఒక జూన్‌లో ఒక తల్లి తన కూతుర్ని చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల, మూడో తరగతి. అప్పటిదాకా సుల్తానాబాద్‌లో ఇంగ్లీషు మీడియం బడికి వ్యానులో పోయింది. తల్లి సంచిలోంచి ఆ బడి డైరీ తీసి నా చేతిలో పెట్టింది. పేజీ పేజీకీ ఎర్ర సిరా.

"పిల్ల తెలివిగల్లదే టీచరమ్మా," అంది తల్లి. "ఇంట్ల ముచ్చట వెడితె ఆగదు. బడికి పోతెనే నోరు పెగలదు. వాళ్ల బాపు మస్కట్‌ల ఉంటడు. ఒక్క యేడాదికే ఒప్పుకున్నడు. గీ యేడు సదువు రాకుంటె మళ్ల ప్రైవేటుకే, గీసారి హాస్టల్ల ఏస్త అంటుండు. జర నువ్వే చూడాలె."

చూస్తానన్నాను. హాస్టల్ అన్నప్పుడు ఆ పిల్ల తల్లి కొంగు పట్టుకున్న తీరు చూశాక ఇంకేమంటాను.

మొదటి నెల ఆ పిల్లను చూస్తే నాకు కోపమొచ్చేది, పిల్ల మీద కాదు, దాన్ని అలా తయారుచేసిన వాళ్ల మీద. చేతులు కట్టుకొని, పెదాల మీద వేలు పెట్టుకొని కూర్చునేది. నేనెవరినీ అలా కూర్చోమనలేదు. మిగతా పిల్లలు దాన్ని చూసి నవ్వేవాళ్లు. దానికి వచ్చిన పూర్తి వాక్యం ఒక్కటే, "మే ఐ గో టు టాయిలెట్ మేడం." అది కూడా ఒక్క ఊపిరిలో. పుస్తకం ఇస్తే గడగడా చదివేది. ఎంత బాగా చదువుతోందో అనుకొని ఒకరోజు మధ్యలో పుస్తకం మూసేశాను. అది ఆగలేదు, చదువుతూనే ఉంది. రెండేళ్లలో పేజీలకు పేజీలు కంఠతా పట్టింది. అక్షరం ఒక్కటీ గుర్తుపట్టలేదు.

నేను దానికి పాఠం చెప్పడం మానేశాను. బొమ్మలు గీయమన్నాను. గీసింది. కానుగాకుకీ వేపాకుకీ ఈనెలు ఎలా తేడాగా పోతాయో అది చూసింది. రేగాకు అంచు పళ్లు లెక్కపెట్టి మరీ గీసింది. అట్టల మీద బొమ్మల పని మొత్తం దానికే ఇచ్చేశాను. కింద పేరు వేరేవాళ్లు రాసేవాళ్లు. కొన్నాళ్లకు అది కూడా చూసి రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు కూడా బొమ్మలే అనుకొని గీసేదేమో, చాలా అందంగా ఉండేవి.

దీపావళి దాటిన తర్వాత ఒక పొద్దున, అది రేగు చెట్టు ముందు నిలబడిపోయింది. గంట కొట్టినా రాలేదు. నేనే వెళ్లాను.

"టీచర్, గీడ రేగు అని రాసుందా?"

"రాసుంది బిడ్డా."

"నిన్న గూడ రాసుందా?"

"నెల సంది రాసుంది. నువ్వే రాసినవ్."

అది అట్టను చూసింది, చెట్టును చూసింది, మళ్లీ అట్టను చూసింది. ఆ తర్వాత వేప దగ్గరికి, కానుగ దగ్గరికి ఉరికింది. ఆ రోజు బడి అయ్యేదాకా దాన్ని ఎవరూ కూర్చోబెట్టలేకపోయారు. భోజనం గిన్నె మీద దాత పేరు చదివింది, బియ్యం బస్తా మీద ముద్ర చదివింది, నా స్కూటీ వెనక రాసి ఉన్న దేవుడి పేరు చదివింది. ఇరవై రెండేళ్లుగా పలక మీద అక్షరాలు దిద్దిస్తున్నాను. అక్షరం పిల్లల కళ్లలోకి దిగుతుండగా చూసింది మాత్రం రెండు మూడుసార్లే. ఇంటికి వెళ్లేటప్పుడు స్కూటీ మీద ఒక్కదాన్నే నవ్వుకుంటూ పోయాను.

చదువు వచ్చింది. ఎక్కాలు రాలేదు. రెండో ఎక్కం దగ్గర ఆగిపోయింది. మూడు అనగానే కంఠతా పట్టే పాత అలవాటు మీద పడేది, కళ్లు మూసుకొని ఊగేది, ఎక్కడో తప్పేది, ఏడ్చేది. తండ్రి ఇచ్చిన గడువు ఏప్రిల్. ఆయన ఫోన్‌లో అడిగేది ఎక్కాలేనని తల్లి చెప్పింది. నాకు భయం పట్టుకుంది.

జనవరి చివర కాలువకు నీళ్లు వదిలారు. బడి వెనక పొలంలో యాసంగి నాట్లు పడుతున్నాయి. ఊళ్లో నాటు వేసే మగవాళ్లు లేరు, సగం మంది గల్ఫ్‌లోనే. ఆడవాళ్లలో చాలామందికి బీడీల పని. అందుకని నాట్లకు బీహార్ నుంచి కూలీలు వస్తారు. తాడు కట్టి, ఇద్దరు అటూ ఇటూ పట్టుకుంటే మిగతావాళ్లు తాడు వెంట వరుసగా నారు గుచ్చుకుంటూ వెనక్కి నడుస్తారు. పిల్లలు ప్రహరీ మీదికెక్కి చూస్తుంటే నాకు ఆలోచన తట్టింది. ఆ పొలం ముసలాయన్ని అడిగాను. ఆయన నవ్వి, "మూలకు జరంత ఏసుకోండ్రి, ఎటూ గా మూల వంకరే," అన్నాడు.

పద్నాలుగు మందినీ దింపాను. చీర బొడ్లో దోపుకొని నేనూ దిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. పిల్లలు అరిచిన అరుపులకు కొంగలు లేచిపోయాయి. బీహార్ కుర్రాళ్లు తమ తాడు మాకు ఇచ్చి, నారు ఎలా పట్టుకోవాలో చేతులతో చూపించారు. వరుసకు ఆరు నారు మొక్కలు అని చెప్పాను. ఒక వరుస వేశాం, ఆరు. రెండు వరుసలు, పన్నెండు. మూడో వరుస అయ్యాక అందరూ నా వంక చూస్తున్నారు. ఆ పిల్ల మోకాళ్ల దాకా బురదలో వంగి ఉంది. నడుము ఎత్తకుండానే, "పద్దెనిమిది," అంది. నాలుగో వరుస వేయగానే, "ఇరవై నాలుగు టీచర్!" అని అరిచింది. నేను ఇంకేమీ అడగలేదు. అదే నిలబడి, చేతులకున్న బురద విదిలించుకొని, "ఐదో వరుస ఏస్తె ముప్పై అయితయి. గంతేనా? ఎక్కం అంటె గంతేనా?" అంది.

నా ఫోన్ గట్టు మీదికెక్కిన ఒక ఐదో తరగతి పిల్ల చేతిలో ఉంది. అంతా వీడియో తీసింది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఆ ఊరికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఊళ్లో వాళ్లకంటే గల్ఫ్‌లో ఉన్నవాళ్లే అందులో ఎక్కువ. బడికి ఫ్యాన్లు ఇప్పించింది వాళ్లే. ఊరి ముచ్చట ఏది పెట్టినా, కాలువకు నీళ్లొచ్చినా, ఎవరింట్లో లేగదూడ పుట్టినా, చప్పట్ల బొమ్మలు కుప్పలుగా పడతాయి. ఊరికి దూరంగా ఉన్నవాళ్లు, పొలం చూస్తే కళ్లు చల్లబడతాయి అనుకున్నాను. ఆ పిల్ల తండ్రి తన బిడ్డ గొంతు వింటాడు, గడువు ఎత్తేస్తాడు అనుకున్నాను. మన మట్టిలో మన పిల్లల ఎక్కాలు అని పైన రాసి, భోజన విరామంలో ఆ వీడియో గ్రూపులో పెట్టాను. రాసిన వాక్యం నాకే నచ్చి రెండుసార్లు చదువుకున్నాను కూడా.

మొదట నాలుగైదు చప్పట్లు పడ్డాయి. సాయంత్రం నాలుగింటికి, పిల్లలు సంచులు సర్దుకుంటున్నప్పుడు, ఆ తండ్రి గొంతుతో ఒక మెసేజ్ వచ్చింది. అందరిముందే విన్నాను. అది నా రెండో తెలివితక్కువతనం.

"టీచరమ్మా, నమస్తే. గిదేంది? నేను నా బిడ్డను సదువుకొమ్మని పంపిన, కైకిలికి కాదు. గీడ రూముల ఎనిమిది మందిమి ఉంటం. అందరు చూసిండ్రు. ఏందిరా, నీ బిడ్డ గప్పుడే నాటుకు పోతుందా అని నవ్విండ్రు. నాకు తల ఎత్తబుద్ధి గాలే. నువ్వు మా పిల్లలకు సదువు చెప్పుతందుకు వచ్చినవా, కూలోళ్లను చేస్తందుకు వచ్చినవా?"

పిల్ల అక్కడే ఉంది. తన కాళ్ల వంక చూసుకుంది. కడుక్కున్నా గోళ్ల సందుల్లో ఇంకా బురద ఉంది. ఒక కాలితో ఇంకో కాలిని దాచుకుంది.

ఆ తర్వాత గ్రూపులో ఇంకో ముగ్గురు తండ్రులు అదే మాట తిప్పి తిప్పి అన్నారు. చప్పట్లు కొట్టినవాళ్లు చప్పట్లు వెనక్కి తీసుకున్నారు. సర్కారు బడి అంటే గింతే అని ఒకాయన రాశాడు. నాకు ఒళ్లు మండింది. వీడియో సరిగ్గా వినకుండా మాట్లాడుతున్నారు, పిల్ల ఎక్కం చెప్పింది కదా అని పెద్ద జవాబు రాసి, పంపకుండా చెరిపేశాను.

శుక్రవారం ఆయనకు సెలవు. తల్లి దగ్గర నంబర్ తీసుకొని వరండాలోంచి ఫోన్ చేశాను. కోపం చల్లారినట్టుంది, ఈసారి మీరు అన్నాడు.

"మీ బిడ్డ ఎక్కం చెప్పింది ఇన్నరా? గది వీడియోల ఉన్నది," అన్నాను.

"సౌండ్ పెట్టలే మేడం. రూముల అందరుంటరు. నేను చూసింది దాని కాళ్లే."

నేను వివరించబోయాను. ఆయన మధ్యలోనే ఆపాడు. "నేను గీడ ఏం పని చేస్తనో మీకు ఎరుకనా?"

"కంపెనీల అని ఇన్న."

"ఊర్ల గట్లనే చెప్పుకున్నం. నేను తోట పని చేస్త మేడం. పెద్దోళ్ల బంగ్లా. గడ్డి కత్తిరిచ్చుడు, పూలచెట్లకు నీళ్లు పెట్టుడు, ఎండిన ఆకులు ఏరుడు. తొమ్మిదేండ్ల సంది గదే పని. మా బాపు లెక్క మట్టి పిసుకొద్దని విమానం ఎక్కిన. దిగితె గీడ గూడ మట్టే." అన్నాడు. "గా ఇంటి పిల్లలు గడ్డి మీద ఆడుకుంటరు. పువ్వు తెంపుకపోయి వాళ్ల మేడంకు సూపిస్తరు. ఆమె దాని పేరు చెప్తది. చూడ మంచిగనే ఉంటది. వాళ్లకు గది ఆట. నా బిడ్డ బురదల దిగితె ఎవలన్న ఆట అంటరా?"

నేను వరండా బండల మీద పిల్లలు జాజుతో దిద్దిన అక్షరాల వంక చూశాను.

"మట్టి సంగతి నా బిడ్డకు నేర్పే పని లేదు మేడం. మా ఇంట్ల అది ఎవలు నేర్పకున్న వస్తది. మాకు రానిది నేర్పుండ్రి." తర్వాత మెల్లగా అడిగాడు. "మీకు కొడుకున్నడట గద. ఏడ సదువుతుండు?"

నా కొడుకు పెద్దపల్లిలో టై కట్టుకొని ఇంగ్లీషు మీడియం బడికి పోతాడు. వాడి టీచర్ వాణ్ని పొలంలో దింపితే, మొదట ఫోన్ చేసి అరిచేది మా ఆయన. ఆ తర్వాత నేను. ఆ మాట ఆయనకు చెప్పలేదు. "ప్రైవేటుల," అని మాత్రం అన్నాను. ఆయన దెప్పలేదు. సరే మేడం, ఉంటా అన్నాడు. దెప్పి ఉంటే నాకు నయంగా ఉండేది, కోప్పడడానికి ఏదో ఒకటి మిగిలేది.

అయినా వదల్లేక ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. పిల్ల నోట్‌బుక్కులు, గీసిన అట్టలు తీసుకెళ్లాను. తల్లి చాటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుడుతోంది. పిల్లతో చదివించాను. తల్లి చేతి పని ఆపి విన్నది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకు ఎరుకనే టీచరమ్మా. మొన్న దుకాణంల నూనె పాకిట్ మీదిది చదివి నాకు చెప్పింది. గని ఆయన పరేషాన్ అయితుండు. తొమ్మిదేండ్లల రెండుసార్లు వచ్చిండు. దూరం నుంచి ఒక్క మాట అడుగుతడు, గా ఒక్కటి గూడ కాదంటె ఎట్ల?"

సోమవారం నుంచి పిల్ల రాలేదు. ఏప్రిల్‌కు ఇంకా రెండు నెలలు ఉండగానే పసుపు వ్యాను దానింటి ముందు ఆగింది. నేను బ్రతిమిలాడినందుకో, తల్లి ఏడ్చినందుకో హాస్టల్ మాత్రం తప్పింది. ఆ నెలలోనే ఇంకో నలుగురు పోయారు. వేసవి సెలవులయ్యాక బడి తెరిస్తే ముగ్గురు వచ్చారు. ముగ్గురితో వరండా మరీ పెద్దగా కనిపించింది. ఆగస్టులో ఆ ముగ్గుర్నీ పక్క ఊరి బడిలో కలిపి, నన్ను కూడా అక్కడికే పంపించారు. మా బడికి తాళం వేసి చెవి పంచాయతీ ఆఫీసులో ఇచ్చాను. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. స్కూటీ మాత్రం రెండుసార్లు ఆగిపోయింది, కిక్కు కొట్టడానికి చేతగాక దారిన పోయే ఒకాయన్ని పిలిచాను.

ఆ పిల్ల తండ్రి చెప్పినదాంట్లో తప్పు వెతికాను, దొరకలేదు. నేను చేసినదాంట్లో కూడా తప్పు దొరకలేదు, వీడియో ఒక్కటి తప్ప. ఇద్దరం పిల్ల మేలే కోరాం. నష్టపోయింది పిల్ల. ఇలాంటప్పుడు ఎవరితో కొట్లాడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాతి సంవత్సరం సుల్తానాబాద్ బజార్లో ఆ తల్లి కనిపించింది. నన్ను చూసి సంతోషపడింది. ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది. వాళ్ల బడిలో రైతు దినం జరిపారట. ఎర్ర తివాచీ మీద పిల్ల నిలబడి ఉంది. తలకు రుమాలు, భుజాన అట్టతో చేసిన నాగలి, కాళ్లకు తెల్లని మేజోళ్లు, నల్లని బూట్లు. వెనక పొలం బొమ్మ ఉన్న పెద్ద ఫ్లెక్సీ.

"వాళ్ల బాపు గిదే స్టేటస్ పెట్టుకున్నడు, రూములోళ్లందరు మస్తు మెచ్చుకున్నరట," అంది. నేనూ బాగుందన్నాను.

ఆమె ఫోన్ సంచిలో పెట్టుకొని, కాస్త దగ్గరికి జరిగింది. "టీచరమ్మా, ఒక్క మాట. పిల్ల మళ్ల ఎనుకవడ్డది. డైరీల మళ్ల ఎర్రవి రాస్తుండ్రు. చదువుమంటె కండ్లు మూసుకొని చెప్తుంది. నువ్వయితెనే దానికి వస్తది. వారానికొక్కసారి వచ్చి చెప్పరాదు? ఆయనను గూడ అడిగిన. సరే అన్నడు. గని బయటికి తోలుకపోవద్దట, ఇంట్లనే కూసోవెట్టి చెప్పాల్నట."

శుక్రవారాలు వస్తానన్నాను. పిల్లను చూడాలని ఉంది. బడిలో పోగొట్టుకున్నది ఇంట్లోనైనా కొంత దొరుకుతుందేమోనన్న ఆశ కూడా ఉంది.

కొత్తగా స్లాబు వేసిన ఇల్లు. ముందు గదిలో బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. నీళ్ల సీసాకు ఆనించి ఫోన్ నిలబెట్టి ఉంది. అందులో తండ్రి. సన్నటి మనిషి, మెడ దాకా ఎండకు నల్లబడ్డాడు. మంచం మీద కూర్చొని, పిల్ల చదువుతుంటే చూడాలని సెలవు పూట నిద్ర మానుకున్నాడు. నమస్తే మేడం, మీరు కానియ్యుండ్రి అన్నాడు. పిల్ల పొడుగైంది. నన్ను చూసి నవ్వింది గానీ దగ్గరికి రాలేదు. పుస్తకం తెరిచాను. ఒక్కో పదం మీద వేలు పెట్టి చూపిస్తున్నాను. అది తడుముకుంటోంది. రెండు పదాలు చదివింది, మూడోదాని దగ్గర ఆగింది. ఫోన్‌లోంచి ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆయన ముందు ఈ పిల్ల ఒక్క వాక్యమైనా చదవాలి, లేకపోతే ఈ శుక్రవారాలు కూడా ఉండవు.

అప్పుడే బయట వాన మొదలైంది, ఆ ఏటి తొలి వాన. కిటికీలోంచి మట్టి వాసన కొట్టింది. పిల్ల వేలు పదం మీద ఆగిపోయింది. తల ఎత్తి కిటికీ వైపు తిరిగింది. దాని ముఖంలో ఏదో అడగబోయే కదలిక కనిపించింది.

"బయటికి చూడకు బిడ్డా," అన్నాను. "పుస్తకంల చూడు."

"గట్ల చెప్పుండ్రి మేడం," అన్నాడు తండ్రి ఫోన్‌లోంచి, తృప్తిగా.

పిల్ల వెంటనే తల దించింది. దానికి రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.